దైవం పట్టుకున్న చేయి

మొన్న మా ఊరి గ్రంథాలయం వార్షికోత్సవంలో పంకజాక్షిని వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పారు. ఒక కాలేజీ పిల్ల మైకు ఆమె ముందుకు జరిపి అడిగింది: "అమ్మమ్మా, అంత భయం పుట్టించే ప్రేమకథ రాయడానికి మీకు ప్రేరణ ఏమిటి?"

పంకజాక్షి మైకు వైపు అనుమానంగా చూసింది. పక్కకు చూసింది. తర్వాత చెప్పింది:

"దైవం నా చేయి పట్టుకున్నాడు."

సభంతా చప్పట్లు. ముందు వరసలో ఒక పెద్దాయన కళ్ళు మూసుకుని దణ్ణం కూడా పెట్టేశాడు. వెనక కుర్చీలో నేను నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాను. పక్కనే ఉన్న మా పాత బీడీ శాఖ నబీసా మోచేత్తో నా డొక్కలో పొడిచింది. "నోరు మూసుకో కుంజంబేట్టా. భక్తి అనుకున్నారు. అనుకోనీ." మా వైపు పేరు చివర ఏట్టా అంటే అన్నా అని, ఏచ్చీ అంటే అక్కా అని.

పంకజాక్షి చెప్పినదాంట్లో అబద్ధం ఒక్క అక్షరం లేదు. దైవం నిజంగానే చేయి పట్టుకున్నాడు. పట్టుకున్నాక ఏమైందన్నదే సభవాళ్ళకు తెలియదు. నేను జీవితమంతా పరాయివాళ్ళు రాసింది చదివి పెట్టినవాణ్ణి, సొంతంగా రాసింది లేదు. కానీ ఆ రోజు ఇంటికొచ్చిన దగ్గర్నుంచి ఈ సంగతి నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. నేను చెప్పకపోతే నబీసా చెబుతుంది, అది చెబితే సగం అబద్ధాలు కలుపుతుంది.

మా బీడీ శాఖ వళపట్టణం నదికి ఇటువైపు ఉండేది. పొడవాటి పెంకుటి హాలు. అందులో వరసలు వరసలుగా ఆడవాళ్ళు, మగవాళ్ళు, ఒళ్ళో చేటలు. చేటలో కత్తిరించిన తునికాకు, పొగాకు, దారపు ఉండ. చేతులకు పని ఉంది, చెవులకు లేదు. ఆ చెవుల కోసం నన్ను పెట్టుకున్నారు. పొద్దున పత్రికలు చదివేవాణ్ణి. మధ్యాహ్నం గంజి తాగి వచ్చాక వారపత్రికలో వచ్చే నవల. నేను చదువుతూ కూర్చుంటే బీడీలు చుట్టలేను కదా, అందుకని తలా కాసిని బీడీలు తమ చేటలోంచి నా చేటలో వేసేవాళ్ళు. అదే నా కూలి. కాబట్టి ఏం చదవాలో చెప్పే హక్కు వాళ్ళది. "ఈ కథ సాగుతోంది, మార్చు" అంటే మార్చాలి. "ఆ ముద్దు దగ్గర మళ్ళీ చదువు" అంటే చదవాలి, సిగ్గుపడకుండా.

పంకజాక్షి మూడో వరసలో కిటికీ పక్కన కూర్చునేది. అప్పటికి ముప్పై దాటిందేమో. మాట తక్కువ. కథలో ఎవరైనా చస్తే మిగతా ఆడవాళ్ళు ముక్కు చీదుకునేవాళ్ళు, ఆమె మాత్రం తలెత్తి నావైపు ఒక్కసారి చూసేది, నువ్వెందుకు చంపావు అన్నట్టు. ఆమె భర్త బాలన్ నదిలో ఇసుక పడవ మీద పని చేసేవాడు. చీమకు కూడా దారి ఇచ్చి పక్కకు నిలబడే రకం.

ఒక వానాకాలం దక్షిణాన అచ్చాఫీసులో సమ్మె జరిగి వారపత్రిక రావడం ఆగిపోయింది. నవలలో కథానాయికను లోయ అంచున వేలాడదీసి వదిలేశారు. శుక్రవారం బస్సు వచ్చింది, పత్రికల కట్ట రాలేదు. మరుసటి శుక్రవారమూ రాలేదు. హాల్లో అందరూ నామీద పడ్డారు.

"ఏం ఏట్టా, పత్రిక నువ్వే తినేశావా?"

"ఆ పిల్ల ఇంకా వేలాడుతూనే ఉందా? చేతులు నొప్పెట్టవూ?"

"ఏదో ఒకటి చదువు నాయనా. క్యాలెండరు చదివినా సరే."

ఆ సాయంత్రం గేటు దగ్గర పంకజాక్షి నా చేతిలో ఒక కాగితాల చుట్ట పెట్టింది. పాత గోడ పోస్టర్లను చతురస్రాలుగా కత్తిరించి, వెనక తెల్లటి వైపు పెన్సిలుతో రాసిన కథ. "మా దూరపు బంధువు మంగళూరులో ఉన్నాడు, అతను రాశాడు. బాగుంటేనే చదువు. పేరు మాత్రం అడగొద్దు" అంది. చెబుతున్నప్పుడు ఆమె పైట కొస వేలికి చుట్టి విప్పి, చుట్టి విప్పి, ఇక ఆ బట్ట చిరిగిపోతుందేమో అనిపించింది.

నేను ఆ కాగితాలు వాకిట్లో నిలబడే చదివాను. లోపలికి వెళ్ళి కూర్చోవాలన్న ధ్యాస లేదు. నా జీవితంలో అన్ని నవలలు చదివాను, అలాంటి మనిషి ఏ నవలలోనూ తగల్లేదు.

కథ పేరు 'మూయని తలుపు'. నది మధ్య లంకలో భైరవన్ అనే కలప వ్యాపారి. ఎర్రటి కళ్ళు, చుట్టూ దట్టంగా కాటుక, ఎవరూ ఎదుట నిలబడలేని మనిషి. సుమతి అనే పిల్ల అన్నను వాడే నదిలో ముంచి చంపాడు. సుమతి పగ తీర్చుకోవాలని వంటమనిషిగా ఆ ఇంట్లో చేరుతుంది, నడుము దగ్గర కత్తి పెట్టుకుని. మొదటి రోజే వాడికి తెలిసిపోతుంది ఆమె ఎవరో, ఎందుకొచ్చిందో. ఏమీ అనడు. ఇంటి తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, రేవులో పడవ ఎప్పుడూ కట్టే ఉంటుంది. పొడవాలంటే పొడువు, పోవాలంటే పో అన్నట్టు. ఆమె పొడవదు. పోదు. రోజూ వాడికి అన్నం వడ్డిస్తుంది, రోజూ కత్తి తడిమి చూసుకుంటుంది.

మరుసటి మధ్యాహ్నం చదవడం మొదలుపెట్టాను. భైరవన్ గడప దాటి లోపలికి వచ్చే చోటికి వచ్చేసరికి హాలు ఊపిరి బిగబట్టింది.

"పొడిచెయ్యవే!" అని అరిచింది నబీసా. నబీసా గొంతు నది అవతలి ఒడ్డుకు వినబడుతుంది.

"వద్దు, వద్దు, ఇంకొంచెం ఆగమను" అంది ఇంకెవరో.

"ఆగి ఏం చేస్తుంది? చేప పులుసు పోస్తుందా?"

"పొయ్యనీ. నీకేం, నీ ఇంటాయన గుమ్మంలోకొస్తే గోడ మీద బల్లి కూడా లెక్కచెయ్యదు."

ఆ రోజు నుంచి శాఖలో వేరే మాట లేదు. గంజి త్వరగా తాగి వచ్చేసేవాళ్ళు. జ్వరంతో ఉన్నవాళ్ళు కూడా సెలవు పెట్టడం మానేశారు. పొడవాలనేవాళ్ళు ఒక పక్షం, వద్దనేవాళ్ళు ఒక పక్షం. భార్యాభర్తలు చెరో పక్షంలో ఉండి మాట్లాడుకోకుండా ఇంటికి నడిచిన రోజులున్నాయి. "ఈ రాసినవాణ్ణి పట్టుకుని చేతులు విరిచెయ్యాలి. పాడు బుద్ధి కాకపోతే అన్నను చంపినవాడితో ఇదేం చూపులు?" అని మగవాళ్ళ వరసలో ఒకడు గట్టిగా అన్నాడు. పంకజాక్షి తలొంచుకుని బీడీలు చుడుతూనే ఉంది. చెవులు మాత్రం మందారాల్లా ఎర్రబడ్డాయి.

కాగితాలు వారం వారం వచ్చేవి. సమ్మె విరమించారు, వారపత్రిక మళ్ళీ వచ్చింది, లోయలో వేలాడే పిల్లను ఎవరో డాక్టరు పైకి లాగాడట. ఎవరికీ పట్టలేదు. "దాన్ని పక్కన పెట్టు, లంకలో ఏమైందో చదువు" అన్నారు.

ఒక మధ్యాహ్నం ఇలా చదివాను: "సుమతి కత్తిని ఆకులో చుట్టింది. దారం రెండు మెలికలు తిప్పి, ఆకు కొసను గోరుతో లోపలికి మడిచి నొక్కేసింది."

"ఆగు ఏట్టా!" అంది నబీసా. "ఆ ముక్క మళ్ళీ చదువు."

చదివాను.

"ఏ వంటమనిషి అలా కడుతుంది? మంగళూరులో కూర్చున్న ఏ మగాడికి తెలుసు ఇది? బీడీ మూత మూయడం కాదూ! ఒట్టు, రాసింది మన హాల్లో కూర్చునే ఉంది!"

అందరి వేళ్ళూ ఇంకా వేగంగా కదిలాయి, నేను కాదంటే నేను కాదన్నట్టు. ఒక్క చేటలో మాత్రం వేళ్ళు ఆగిపోయాయి. కిటికీ పక్కన.

"పంకజేచ్చీ!" నబీసా లేచి నిలబడింది, ఒళ్ళోని పొగాకంతా నేల మీద పోసేస్తూ. "నువ్వా? నోట్లో నాలుక లేని దానివి, నువ్వా?"

పంకజాక్షి ఇంకో ఆకు తీసుకుని చుట్టడం మొదలుపెట్టింది. ఆ బీడీ వంకరగా వచ్చింది. అదే సాక్ష్యం సరిపోయింది. హాలంతా కేకలు, ఈలలు. చేతులు విరిచెయ్యాలన్నవాడు నెమ్మదిగా ఒంటికి పోయే నెపం మీద బయటికి జారుకున్నాడు.

తర్వాత ఊరికి ఒకే ప్రశ్న. ఆ భైరవన్ ఎవరు? ఎవరిని చూసి రాసింది? కలప డిపో యజమాని ఒకాయనకు ఎర్రటి కళ్ళుండేవి, పాపం ఆయన నల్లద్దాలు కొనుక్కున్నాడు. కల్లు దుకాణంలో బాలన్‌ను చుట్టుముట్టారు.

"నిజం చెప్పు బాలా, ఆ రాక్షసుడు నువ్వేనా?"

బాలన్ ముంత కింద పెట్టి, మూతి తుడుచుకుని, ఉన్న నాలుగు మీసం వెంట్రుకలూ పైకి తిప్పాడు. "ఇంట్లో మనం ఎలా ఉంటామో మీకేం తెలుసు" అన్నాడు. ఆ వారమంతా అతను పడవ ఎక్కేటప్పుడు కూడా ఛాతీ ముందుకు పెట్టి ఎక్కాడు. పంకజాక్షికి చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది. "అననీ. పాపం, ఇన్నాళ్ళకు ఒకరు భయపడ్డారు ఆయనకు" అంది.

అంతా ఇలా సరదాగా సాగుతుండగా చిరుతమ్మ అడ్డుపడింది. చిరుతమ్మ శాఖలో అందరికంటే ముసలిది, తునికాకులు తడిపే పని ఆమెది. చెవులు సగం వినపడవని అనుకునేవాళ్ళం. ఆ రోజు చదువుతున్న చోట సుమతి మొదటిసారి కత్తి తీస్తుంది. భైరవన్ కత్తి ఉన్న చేతినే పట్టుకుంటాడు. పట్టుకుని అంటాడు: "భయపడకు. చేయి పట్టాను, ఇది విడిచే చేయి కాదు. నీ కన్నీటి చుక్క నేల మీద పడనివ్వను."

బొక్కెన చప్పుడైంది. చిరుతమ్మ తడి చేతులతో హాలు మధ్యకు వచ్చేసింది.

"ఇవి మనుషుల మాటలు కావు. ఇవి దైవం మాటలు! తోపు గుడిలో తెయ్యం కట్టి, కిరీటం పెట్టి దైవం దిగాక, మన చేయి పట్టుకుని అనే మాటలు. మా ఆయన చనిపోయిన ఏడాది దైవం నాతో అన్నాడు. అవే మాటలు, అక్షరం పొల్లుపోకుండా. వాటిని తెచ్చి హంతకుడి నోట్లో పెడతావా పంకజా?"

నిజమే. తెయ్యం కట్టడమంటే మనిషి దైవం వేషం వేసుకోవడం, అప్పుడు దైవమే అతని ఒంట్లోకి దిగి మాట్లాడతాడు. మా దేశంలో ఆ మాటలు విననివాళ్ళు లేరు. కష్టం ఉన్న ప్రతివాళ్ళూ వరసలో నిలబడి చేయి చాచి వింటారు. నేనే ఎన్నిసార్లు విన్నానో. అయినా భైరవన్ నోట విన్నప్పుడు ఒళ్ళు ఎందుకు జలదరించిందో చిరుతమ్మ చెప్పేదాకా ఎవరికీ తట్టలేదు.

పంకజాక్షి చేట పక్కన పెట్టి బయటికి వెళ్ళిపోయింది. ఆ శుక్రవారం కాగితాలు రాలేదు. మరుసటి శుక్రవారమూ రాలేదు. ఒక్క అధ్యాయమే మిగిలింది, చివరిది. పిల్ల పొడుస్తుందా? ఉంటుందా? పోతుందా? నన్ను చదవమని అడిగేవాళ్ళు లేరు, అందరూ పంకజాక్షి వీపు వైపు చూసేవాళ్ళు. చిరుతమ్మ కూడా రెండు రోజులయ్యాక నా దగ్గరికొచ్చి గొణిగింది: "తప్పని అన్నాను కానీ, ఆపమన్నానా? ముగింపేంటో తెలియకుండా నేను పోతే?"

నది గట్టు మీద ఇంటికి నడుస్తూ నేనే అడిగాను. అడగడం నా అలవాటు కాదు.

"ముగింపు ఎందుకు రాయట్లేదు?"

"తెలియక" అంది. "రాసేదాన్ని నేనే కదా, తెలియదేంటి అంటావు. ఆ మనిషి ఎవరో నాకే తెలియదు ఏట్టా. ఎవరో తెలియనివాణ్ణి ఆ పిల్ల ఏం చెయ్యాలో ఎలా చెప్పను?"

అప్పుడు చెప్పింది. నవ్వుతూనే చెప్పింది కానీ మధ్యలో రెండుసార్లు ఆగి నదిని చూసింది.

పదిహేడేళ్ళప్పుడు నాన్న పోయిన దుఃఖంలో అమ్మ ఆమెను తోపు గుడికి తీసుకెళ్ళిందట. పట్టపగలు, మండుటెండ. ఒళ్ళంతా ఎర్రరంగు, తల మీద తాటిచెట్టంత కిరీటం, కాళ్ళకు అందెలు, ఒంటి చుట్టూ కొబ్బరాకుల మొలకట్టు. ఆ భయంకరమైన ముఖంలోంచి రెండు కళ్ళు ఆమెనే చూశాయట. ఆయన చేయి పట్టుకున్నాడు. పట్టుకుని ఆ మాటలన్నాడు.

"దైవం అన్నాడని అందరికీ తెలుసు. నేను మాత్రం ఆ రంగు వెనక ఉన్న మగాడు అన్నాడనుకున్నాను" అంది పంకజాక్షి. "చేయి వెచ్చగా ఉంది ఏట్టా. నాకేం తెలుసు? 'విడిచే చేయి కాదు' అన్నాడు. మాట ఇచ్చాడనుకున్నాను. ఏడాదంతా ఎదురుచూశాను. పెళ్ళి సంబంధం వస్తే, నాకు మాట ఇచ్చినవాడున్నాడు అన్నాను. మా అమ్మ గరిటె తీసుకుంది. ఎవడే వాడు అంటే ఏం చెప్పను? పేరు తెలిస్తే కదా!"

"తర్వాత?"

"మరుసటి ఏడాది కొత్త బట్ట కట్టుకుని, జడలో మల్లెలు పెట్టుకుని వెళ్ళి వరసలో నిలబడ్డాను. నా ముందు ఒక ముసలాయన, పనసపండంత పొట్ట. దైవం ఆయన చేయి పట్టుకున్నాడు. అవే కళ్ళు, అదే చూపు. 'భయపడకు. చేయి పట్టాను, ఇది విడిచే చేయి కాదు' అన్నాడు. ఆ ముసలాయనతో!"

ఇద్దరం గట్టు మీద కూలబడి నవ్వాం. దారిన పోయే పశువుల కాపరి ఆగి చూశాడు. నేను కళ్ళు తుడుచుకునేసరికి ఆమె నవ్వు ఆపేసింది.

"ఆ ఏడే ఇంట్లో చెప్పిన పెళ్ళి చేసుకున్నాను. బాలన్ మంచివాడు. కానీ ఆ ముఖం పోలేదు. అలా కట్టేసినట్టు చూసేవాడు, ముట్టుకుంటే చచ్చేంత భయం వేసేవాడు, అయినా కాళ్ళు కదలనివ్వనివాడు, వాడు ఎక్కడున్నాడు అని చేట ముందు కూర్చుని రోజూ ఆలోచించాను. నువ్వు చదివే ప్రతి కథలోనూ వెతికాను. దొరకలేదు. అందుకే రాసుకున్నాను."

"ఆ రోజు తెయ్యం కట్టింది ఎవరో తెలుసా?"

"తెలుసుకోలేదు. భయం."

నాకు తెలుసు. ఆ గుడిలో ఆ దైవం వేషం కట్టే హక్కు ఒకే కుటుంబానిది. ఆ కుటుంబంలో తెయ్యం కట్టే పెద్ద, కణ్ణన్ పెరువణ్ణాన్ ఇల్లు రైలు కట్ట అవతల, మేం కూర్చున్న చోటికి ఎంతో దూరం కాదు. ఇన్నేళ్ళూ ఆమె అదే సంతలో చేపలు కొనుక్కుంది. ఒక్కసారైనా ఆమె పక్కనే నిలబడి బేరమాడి ఉంటాడు ఆయన.

ఆదివారం పొద్దున వెళ్ళాం. బాలన్ కూడా వస్తానన్నాడు కానీ పంకజాక్షి వద్దంది. "నువ్వొస్తే అక్కడ ఇద్దరు భైరవన్లవుతారు" అంది.

పెరువణ్ణాన్ ముంగిట్లో కూర్చుని లేత కొబ్బరాకులు చీలుస్తున్నాడు. చిన్న మనిషి, బక్క ఛాతీ, మాటకు ముందు దగ్గు. ముఖం కడిగిన గిన్నెలా శుభ్రంగా, అమాయకంగా ఉంది. పంకజాక్షి ఆయన్ని చూసి నావైపు చూసింది, ఇల్లు తప్పామా అన్నట్టు. తర్వాత ఏదైతే అదైందని నేల మీద కూర్చుని మొత్తం చెప్పేసింది. ఏడాది ఎదురుచూపు, మల్లెలు, పనసపండు పొట్ట, నవల, అన్నీ.

పెరువణ్ణాన్ చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. లోపల వంటింట్లోంచి ఆయన భార్య నవ్వు వినిపించింది. ఆమె గుమ్మంలోకి వచ్చింది, చేతికి కొబ్బరి తురుము అంటుకుని ఉంది.

"ఈయన కోసం ఏడాది ఎదురుచూశావా తల్లీ? చెప్పి ఉంటే నేనే బుట్టలో పెట్టి పంపించేదాన్ని. దగ్గు మందుతో సహా!"

"నువ్వు లోపలికి పో" అన్నాడు పెరువణ్ణాన్. ఆయన చెవులు కూడా ఎర్రబడ్డాయి.

"పోతాను కానీ ఒకటి విను పిల్లా. పెళ్ళయినప్పటి నుంచి కిరీటం పెట్టుకున్నప్పుడు నేను ఈయన ముందు నిలబడలేదు. అది నా మనిషి కాదు. అదంటే నాకు భయం." అని మా ఇద్దరికీ నల్ల టీ తెచ్చి పెట్టి, వెళ్ళకుండా గోడకు ఆనుకుని నిలబడింది.

పంకజాక్షి అడిగింది. ఆమె గొంతు మారిపోయింది. "పెరువణ్ణానూ, ఆ మాట మీరు అన్నారా, ఆయన అన్నాడా?"

ఆయన చాలాసేపు ఆకు చీల్చాడు.

"మాట నాది కాదమ్మా. మా తాత నేర్పింది, ఆయనకు వాళ్ళ తాత. చేయి మాత్రం నాదే. ఎన్ని చేతులు పట్టుకున్నానో. కొన్ని చల్లగా మంచులా ఉంటాయి. అవి విడవాలంటే మనసొప్పదు. అప్పుడు లోపల ఉన్నది దైవమా, నేనా? నన్నడిగితే నాకేం తెలుసు? వేషం పూర్తయ్యాక అద్దం చూపిస్తారు, అందులో దైవం ముఖం కనబడ్డాక ఇక నేను ఉండను."

"ఆ ముఖం వేసుకుంటుంటే మీకు భయం వెయ్యదా?"

"వేసుకునేది నేను కాదుగా. నేను వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకుంటాను. మావాళ్ళు ఎవరో తల దగ్గర కూర్చుని గీస్తారు. పసుపు, సున్నం, కాటుక. వాళ్ళ చేయి ఎలా నడిస్తే అలాంటివాడు లేస్తాడు. ఒక్క గీత తప్పిందా, వేరే దైవం లేస్తాడు."

పంకజాక్షి టీ గ్లాసు కింద పెట్టింది. సగం ఉంది ఇంకా. ఆమె ముఖం చూసి నేను లేచి నిలబడ్డాను. పెరువణ్ణాన్ కాళ్ళకు దణ్ణం పెట్టింది, ఆయన భార్య బుగ్గను పట్టుకుని లాగింది, నన్ను పిలవకుండానే రైలు కట్ట ఎక్కేసింది. ఆమె వెనక పరుగెత్తుతూ, "ఏమైంది? ఏం దొరికింది?" అని అడుగుతున్నాను. "శుక్రవారం" అంటోంది. "శుక్రవారం ఏట్టా, శుక్రవారం!" గాలికి జడ ఊడిపోయినా కట్టుకోలేదు.

శుక్రవారం మధ్యాహ్నం హాల్లో కాలు పెట్టే చోటు లేదు. పక్క శాఖవాళ్ళు కూడా వచ్చి కిటికీల్లోంచి తలలు పెట్టారు. బాలన్ గుమ్మం దగ్గర మీసం తిప్పుకుని నిలబడ్డాడు. చిరుతమ్మ బొక్కెన బోర్లించి దాని మీద కూర్చుంది, అందరికంటే ముందు.

చదివాను. గాలివాన రోజు. సుమతి కత్తి బల్ల మీద పెట్టి, వేడినీళ్ళు తెచ్చి, భైరవన్ ముందు కూర్చుంటుంది. "ముఖం కడుక్కో" అంటుంది. ఇన్నాళ్ళుగా ఎవరూ వాడితో అనని మాట. వాడు కడుక్కుంటాడు. ఎర్రదనం పోతుంది, కాటుక పోతుంది, ఆ చూపు పోతుంది. కింద ఒక మామూలు మనిషి ఉంటాడు, కళ్ళ కింద నలుపు, ఆమె అన్నను ముంచిన రోజు నుంచి నిద్రపోనివాడు. వాడు అంటాడు: "చూశావుగా. ఇక పొడువు. లేదా పో. తలుపు తెరిచే ఉంది."

కాగితం తిప్పాను. వెనక అచ్చేసిన పాత పోస్టరు మాత్రమే ఉంది.

"మిగతాది ఏది?" అన్నాను.

"రాయలేదు" అంది పంకజాక్షి. "రాస్తే చల్లారిపోయేలా ఉంది. నేనే చెబుతాను."

హాల్లో ఆమె గొంతు అందరూ వినడం అదే మొదటిసారి. లేచి నిలబడింది. సన్నటి గొంతు, మొదట వణికింది.

"సుమతి తలుపు దాకా వెళ్ళింది. పడవను చూసింది. వానలో పడవ ఊగుతోంది. ఎక్కితే అయిపోతుంది."

"ఎక్కవే" అంది నబీసా, కానీ గట్టిగా కాదు.

"ఎక్కలేదు. వెనక్కి వచ్చింది. 'పడుకో' అంది. వాడు పడుకున్నాడు. 'కళ్ళు మూసుకో' అంది. మూసుకున్నాడు, కత్తి దిగుతుందనుకుని. ఆమె వంటింట్లోకి వెళ్ళి పసుపు తెచ్చింది, సున్నం తెచ్చింది, దీపం మసి తెచ్చింది. వాడి తల దగ్గర కూర్చుంది. అన్న పేరు చెప్పుకుంటూ ఒక్కో గీత గీసింది. ఎర్రగా చేసింది. కళ్ళు దిద్దింది. వాడికంటే భయంకరంగా దిద్దింది."

వణుకు పోయింది ఆమె గొంతులోంచి. ఆ బక్క మనిషిలోంచి ఆ మాటలు వస్తుంటే నా మెడ మీద వెంట్రుకలు నిలబడ్డాయి.

"గీయడం అయ్యాక వాడి చేయి పట్టుకుంది. ఆమే పట్టుకుంది. 'ఇక లే' అంది. 'చేయి పట్టాను, ఇది విడిచే చేయి కాదు. ఈ ముఖం నాది. ఇది ఎవరి ముందు నిలబడాలో, ఎవర్ని చూడాలో, ఎప్పుడు కడగాలో ఇక నేను చెబుతాను.' వాడు కళ్ళు తెరిచాడు. అద్దంలో తనను చూసుకున్నాడు. ఆమెను చూశాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి భయపడ్డాడు. అంతే."

కూర్చుంది.

హాలు పేలింది. కిటికీల్లో వాళ్ళు గోడలు బాదుతున్నారు, నబీసా పక్కనున్న మనిషిని కావలించుకుని ఏడుస్తోంది, పొడవాలన్న పక్షం గెలిచామంటోంది, వద్దన్న పక్షం కూడా గెలిచామంటోంది. గుమ్మం దగ్గర బాలన్ చెయ్యి మీసం మీదే ఉంది, తిప్పడం మాత్రం మర్చిపోయాడు. వాళ్ళావిణ్ణి చూస్తున్నాడు, ఇంతకాలం పక్కన ఎవరు పడుకుంటున్నారో అప్పుడే తెలిసినట్టు.

చిరుతమ్మ బొక్కెన మీంచి లేచి, తడి చేత్తో పంకజాక్షి గడ్డం పట్టుకుంది. దైవం మాటల సంగతి ఎత్తలేదు.

"నిజం చెప్పవే పంకజా. అలాంటివాడితో ఆ లంకలో ఒంటరిగా, ఆ పిల్ల బతుకుతుందంటావా?"

పంకజాక్షి బుగ్గలు మండుతున్నాయి, కళ్ళు వెలుగుతున్నాయి.

"వాడు బతుకుతాడా అని అడుగు చిరుతమ్మా" అంది.